సముద్రము వెనుకకు తగ్గినప్పుడు

దసరా సెలవులకును సంక్రాంతికిని నడుమ మెట్ట జిల్లాల బడుల నుండి విజ్ఞానయాత్రలు బయలుదేరును. అనంతపురము నుండియో, పాలమూరు నుండియో, కరీంనగరము నుండియో రాత్రియంతయు ప్రయాణము చేసిన బస్సు తెల్లవారుజామున విశాఖపట్టణమునో సూర్యలంకనో చేరుకొనును. అంతవరకు పాటలతోను కేకలతోను బస్సును ఊపివేసిన పిల్లలు ఒక్కమారుగా మాటలు మానుదురు. మలుపు తిరిగినచోట రెండు ఇండ్ల నడుమ ఒక నీలిగీత కనబడినది. అంతే. ఆ నిశ్శబ్దము పది క్షణములకు మించి యుండదు. ఆ వెనుక చెప్పులు ఎక్కడివక్కడ విడిచి పరుగులు తీయుదురు. ఉపాధ్యాయుడు తలలు లెక్కపెట్టుచు వారి వెంటబడును. నలువదియైదుగురు ఉండవలెను, ఒకమారు నలువదిమూడు, ఒకమారు నలువదియాఱు వచ్చును.

ఆ పది క్షణముల నిశ్శబ్దమునకు కారణమేమి? ఆ నీరు త్రాగుటకు పనికిరాదు. పైరుకు పెట్టినచో పైరు మాడిపోవును. బట్ట ఉతికినచో మురికి వదలదు. నీటి విలువ యెరిగిన కరువునేల పిల్లవాడు, ప్రయోజనమే కొలబద్దయైనచో, ఒక నిండిన చెరువును చూచి ఆగవలెను గాని సముద్రమును చూచి కాదు. అయినను ఆగును. ఇంటికి పోయిన తరువాత అవ్వకు మొదట చెప్పునది బొఱ్ఱాగుహలను గూర్చి కాదు, ఓడను గూర్చి కాదు. 'అవతలి ఒడ్డు కనబడలేదు' అని.

అవతలి ఒడ్డు కనబడకపోవుటలోనే రహస్యమంతయు ఉన్నదేమో. నిజమునకు తీరమున నిలిచిన మనుష్యునకు సముద్రము కనబడునది మిక్కిలి కొద్ది. భూమి గుండ్రన గనుక, సామాన్యమైన ఎత్తు గలవాని కంటికి ఆకాశము నీటిని తాకు గీత ఐదు కిలోమీటర్లకు లోపుననే యుండును. నూరు మీటర్ల ఎత్తుగల కొండపై నుండి చూచినచో అది ముప్పదియాఱు కిలోమీటర్ల వరకు జరుగును. లంబకోణ త్రిభుజమును గూర్చి చదివిన విద్యార్థి ఎవడైనను ఇసుకపైననే పుల్లతో ఈ లెక్క చేయగలడు. అనంతమని మనస్సు పొంగిపోవు ఆ దృశ్యము నడిచి పోదగిన ఐదు కిలోమీటర్ల మేర! అనంతమనునది కంటిలో లేదు, ఆ గీతకు ఆవల ఏమున్నదో తెలియకపోవుటలో ఉన్నది.

ఈ మోజు తెలుగువారికి క్రొత్త గాదు. సముద్రము చూడని సీమలలో అది మఱింత గాఢముగా కనబడుట విశేషము. విజయనగర రాజుల కాలమున అనంతపురము చెంత కట్టిన చెరువునకు బుక్కరాయసముద్రమని పేరు. నెల్లూరు మండలమున ఒక చెరువు అనంతసాగరము. ఓరుగంటికి చేరువ నున్న ఒక ఊరు కేసముద్రము. భాగ్యనగరము నడుమ హుసేను సాగరము. కృష్ణకు అడ్డముగా కట్టిన ఆనకట్టకు వెనుక నిలిచిన నీరు నాగార్జునసాగరము. ఏటికొకమారు నిండిన చాలునని ఆకాశము వంక చూచు నేలలో, నాలుగు గట్ల నడుమ నిలిచిన నీటికి సముద్రమని పేరు పెట్టుటలో గొప్ప చెప్పుకొనుట కొంత ఉండవచ్చును. కోరిక అంతకన్న ఎక్కువ యున్నది. ఆ ఓరుగంటి చెరువుల నేలకు చెందిన పోతనయే తెలుగు వారందఱికిని క్షీరసాగరమును చిలికి చూపెను. అంతకు నాలుగువందల ఏండ్లకు ముందే రాజమహేంద్రవరమున నన్నయభట్టు, కద్రువను వినతను సముద్రతీరమునకు నడిపించి, వారి కన్నుల ద్వారా తెలుగు పాఠకునకు ఆ నీటిని చూపెను. అక్కాచెల్లెండ్రు పోయినది తెల్లని గుఱ్ఱమును చూచుటకు. కవి ఆగినది సముద్రము వద్ద. ఆ గుఱ్ఱపు తోకపై వేసిన పందెము ఎంత అనర్థమునకు దారితీసినదో భారతము చదివిన పిల్లలందఱును ఎఱుగుదురు.

పురాణములు చెప్పిన సముద్రము ఒక్క ముఖము గలది కాదు. రత్నాకరమని పేరు పెట్టిన నోటితోనే దాని అడుగున బడబాగ్ని యున్నదని చెప్పిరి. అమృతమునకై చిలికినపుడు మొదట పైకి వచ్చినది విషము. హనుమంతుడు లంఘించిన సముద్రమున ఆతిథ్యమిచ్చు మైనాకుడు ఉన్నాడు, నోరు తెఱచుకొని నిలిచిన సురసయు ఉన్నది, నీడను పట్టి లాగు సింహికయు ఉన్నది. నీడను పట్టి లాగుట అను ఊహ ఎంత భయంకరమైనదో, సముద్రమున కాలు నిలువక కొట్టుకొనిపోయిన వారికి తెలియును. ఒడ్డున నిలిచి చూచిన వారికన్న లోనికి పోయి వచ్చిన వారెవరో ఈ కథలకు మూలమున ఉన్నారనిపించును.

చూడవలెనను కోరిక ఇంత యున్నను, దాటుట విషయమున మన పెద్దలకు ఏకాభిప్రాయము లేదు. బౌధాయన ధర్మసూత్రము సముద్రయానమును పతనహేతువులలో చేర్చినది. ఈ తీరమున చెలామణియైన శాతవాహనుల నాణెముల మీద రెండు తెరచాపకొయ్యల ఓడ ఉన్నది. శాస్త్రము వలదన్నది, నాణెము పోయి రమ్మన్నది. గెలిచినది ఏదో చెప్పనక్కరలేదు. మోటుపల్లి గుడిలోని శాసనమున కాకతి గణపతిదేవుడు 1244-45లో ఓడవర్తకులకు అభయమిచ్చెను. తుపానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సర్వస్వమును పూర్వపు రాజులు బలాత్కారముగా లాగుకొనెడివారనియు, ప్రాణమునకన్న ధనమును మిన్నగా ఎంచి సముద్రమునకు సాహసించువారి యెడ దయతో తాను నియతమైన సుంకము తప్ప మఱేమియు తీసికొననియు అందు ప్రకటించెను. రాజశాసనములలో దానములును బిరుదములును విస్తారముగా కనబడును గాని, సముద్రముపై పోవు మనుష్యుని గుండెలోని దడను గుర్తించిన శాసనములు అరుదు. శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి అట్టి ఓడవర్తకుల వంశమువాడే.

పోయిన వారందఱును మోజుతో పోలేదు. పందొమ్మిదవ శతాబ్దమున కోరంగి రేవు నుండి వేలకొలది తెలుగు కూలీలు బర్మాకును మారిషస్‌కును ఓడలెక్కిరి. బర్మాలో తెలుగువానికి కోరంగి అనునదే పేరైపోయెను. వారిని ఒడ్డు నుండి లోనికి త్రోసినది అనంతముపై మక్కువ గాదు, ఆకలి. సముద్రాకర్షణను గూర్చి వ్రాయునపుడు ఈ సంగతి మఱచుట మర్యాద కాదు.

ఇక ఈ తీరమునకు సముద్రమే వచ్చిన సందర్భములు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరు పట్టణము మీదికి ఉప్పెన వచ్చి సుమారు ముప్పదివేల మందిని బలిగొన్నది. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి తాడిచెట్టంత యెత్తు నీరు వచ్చెనని బ్రతికినవారు చెప్పిరి. కొలిచినవారు అది ఐదు మీటర్లకు అటు ఇటు అనిరి. ఆ రెండు మాటలలో మొదటిదే నిజమైనట్లు ఆ రాత్రి చెట్టు పట్టుకొని గడిపినవారికి తోచుటలో తప్పు లేదు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి మొదలైన ఊళ్ళు ఒక్క రాత్రిలో శిథిలములయ్యెను. మృతులు సుమారు పదివేలు. ఈ రెండు తేదీలకు నడుమ నూటపదుమూడేండ్ల విద్య గడచినది. రైలు వచ్చినది, తంతి వచ్చినది, రేడియో వచ్చినది. తుపాను వచ్చుచున్నదను సంగతి వాతావరణశాఖకు తెలియును. తెలిసినది తీరపు గుడిసెకు చేరలేదు. చేరినచోట దాని అర్థము బోధపడలేదు. ఆ తరువాతనే తీరము పొడవున తుపాను రక్షణ భవనములు లేచినవి, ముందుగా ఊళ్ళను ఖాళీచేయించు పద్ధతి వచ్చినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణము నడినెత్తిన విరుచుకుపడినను ఆంధ్రప్రదేశమున మృతులు నూరుకు లోపుననే యుండిరి. సముద్రము మారలేదు. మనుష్యులు కొంత నేర్చుకొనిరి.

కాని తుపాను ఆకర్షించదు. దానిని చూచి మనుష్యుడు పారిపోవును. చూడ రమ్మని పిలిచి చంపునది మఱొకటి యున్నది.

1755 నవంబరు 1న లిస్బన్ నగరము భూకంపమున కూలిపోవుచుండగా, ప్రాణములు దక్కించుకొని రేవునకు చేరినవారికి ఒక వింత కనబడెను. నీరు వెనుకకు తొలగి, రేవు అడుగున పడియున్న పాత ఓడల శిథిలములును సరకులును బయటపడెను. జనము నిలిచి చూచిరి. నలువది నిమిషములు గడచునంతలో నీరు తిరిగి వచ్చెను. 1946 ఏప్రిల్ 1న హవాయీ దీవులలో లౌపాహొయెహొయె అను ఊర సముద్రపు గట్టుననే ఉన్న బడి పిల్లలు, ఉదయము తరగతులు మొదలగుటకు ముందు, నీరు తగ్గిపోవుట చూచి వేడుకతో దిగిపోయిరి. చేపలు నేలపై కొట్టుకొనుచున్నవని కేకలు వేసికొనిరి. ఆ ఊర మరణించిన ఇరువదిమందికి పైబడిన వారిలో చాలమంది ఆ బడి పిల్లలు, వారి ఉపాధ్యాయులు. ఏప్రిల్ మొదటి తేదీ గనుక హెచ్చరించినవారి మాటను పరిహాసమనుకొన్నవారును ఆ దీవులలో ఉండిరి. పసిఫిక్ మహాసముద్రమునకు సునామీ హెచ్చరిక కేంద్రము ఏర్పడినది ఆ వెనుక మూడేండ్లకు, 1949లో.

హిందూ మహాసముద్రమునకు మాత్రము అట్టి కేంద్రము ఇంకను లేదు. 2004 డిసెంబరు 26 ఆదివారము, పౌర్ణమి. ఉదయము ఆఱున్నర గంటలవేళ సుమత్రా దీవి చెంత సముద్రగర్భమున భూమి చీలెను. లోతైన నీటిలో సునామీ విమానముతో పోటీపడు వేగమున పోవును. నాలుగువేల మీటర్ల లోతుగల చోట గంటకు ఏడువందల కిలోమీటర్లు, పది మీటర్ల లోతునకు వచ్చుసరికి ముప్పదియాఱు. వేగము తగ్గినకొలది ఎత్తు పెరుగును. వెనుకనున్న నీరు ముందున్న నీటిని తరిమి దానిపై ఎక్కును. సుమారు రెండున్నర గంటల తరువాత, తొమ్మిది గంటలవేళ, అది మన తూర్పుతీరమును తాకెను. రెండున్నర గంటలు! పూర్ణిమాస్నానమునకు పోవువారిని ఆపుటకు అందులో పదవవంతు చాలును. పదునాలుగు దేశములలో రెండు లక్షల ముప్పదివేల మంది దాక మరణించిన ఆ దినమున ఆంధ్రతీరమున పోయినవారు నూరుమందికి పైగా.

ఆ ఉదయముననే థాయిలాండులోని ఫుకెట్ దీవి తీరమున తల్లిదండ్రులతో విహారమునకు వచ్చిన పదేండ్ల ఆంగ్లబాలిక యొకతె యుండెను. నీటిపై నురుగు ఉడుకుచున్నట్లు కనబడెను. అల వచ్చుచున్నది గాని సరిగా మరలి పోవుట లేదు. రెండు వారముల క్రిందట ఆమె బడిలో భూగోళపు ఉపాధ్యాయుడు సునామీ లక్షణములను పాఠము చెప్పియుండెను. ఆమె తల్లితో చెప్పెను. తల్లి మొదట నమ్మలేదు. బాలిక గోలపెట్టెను. తండ్రి తీరపు కావలివానికి తెలిపెను. సుమారు నూరుమంది ఆ ఇసుకను విడిచి పైకి పోయిరి. ఆ తీరమున ఒక్క ప్రాణము పోలేదు. ఈ కథను చెప్పువారందఱును బాలికను పొగడుదురు. పొగడదగినదే. ఆ పాఠము పరీక్షకు వచ్చునో రాదో యని చూడక పదేండ్ల పిల్లలకు అర్థమగునట్లు చెప్పిన ఉపాధ్యాయుని గూర్చి మాత్రము ఒక్క వాక్యముతో సరిపెట్టుదురు.

సుమత్రాకు చేరువనే సిమెలుయె అను చిన్న దీవి కలదు. భూకంపకేంద్రమునకు ఆ దీవి మిక్కిలి దగ్గఱ. కొన్ని నిమిషములలోనే అలలు దానిని చేరెను. అక్కడ జనసంఖ్య సుమారు డెబ్బదియెనిమిదివేలు. చనిపోయినవారు ఏడుగురు. ఆ దీవివారికి యంత్రములు లేవు, హెచ్చరికకేంద్రము లేదు. 1907లో అట్టి ఉప్పెనయే వచ్చి వారి పూర్వులలో ఎందఱినో తీసికొనిపోయెను. బ్రతికినవారు దానికి 'స్మోంగ్' అని పేరు పెట్టి, జోలపాటలలోను రాత్రికథలలోను పొందుపఱచిరి. భూమి గట్టిగా కదలెనా, సముద్రము తగ్గెనా, కొండకు పరుగెత్తవలెను, చేపలకై దిగరాదు. తొంబదియేడు సంవత్సరములు అవ్వలు మనుమలకు చెప్పిరి. 2004లో ఎవరో 'స్మోంగ్' అని కేక వేసిరి. అంతయు కొండలెక్కిరి.

బడి చెప్పినచోట నూరుమంది, అవ్వ చెప్పినచోట ఒక దీవి. వట్టి మోజు ఉన్నచోట లౌపాహొయెహొయె.

అయితే ఈ పాఠమును చెప్పువారు ఒక సంగతి మఱువరాదు. సముద్రము వెనుకకు తగ్గుట సునామీకి ఎల్లప్పుడును ముందు గుర్తు కాదు. 2004లో సుమత్రాకు తూర్పుననున్న థాయి తీరమునకు మొదట పల్లము వచ్చెను. కనుక నీరు తగ్గెను. పడమట నున్న మన తీరమునకు మొదట వచ్చినది మిట్ట. నీరు ఏ సూచనయు లేక పెరిగెను. పిదప తగ్గెను, మరల పెరిగెను. మొదటి అల పోయిన తరువాత బయటపడిన నేలను, అందున్న వస్తువులను, చిక్కుకొన్న చేపలను చూచి దిగినవారు రెండవ అలకు దొరకిరి. సగము తెలిసినవాడు 'నీరు తగ్గలేదు గదా' యని ధైర్యముగా నిలుచుండును. కాబట్టి మన తీరపు పిల్లవాడు నేర్వవలసినది ఫుకెట్ పాఠము యథాతథముగా కాదు. నీరు తన వేళగాని వేళ పెరిగినను తగ్గినను ఎత్తైన చోటికి పోవలెను. ఒక అల పోయినదని కొన్ని గంటల వరకు తిరిగి రారాదు.

సునామీ శతాబ్దమున ఒకమారో రెండుమారులో వచ్చును. విజ్ఞానయాత్ర ఏటేట వచ్చును. అందువలన దానికన్న చిన్నదియు, పత్రికలలో నాలుగు పంక్తులకు మించి స్థలము దొరకనిదియు నగు ఒక మృత్యువును గూర్చి చెప్పవలసియున్నది. తీరప్రాంతమున ప్రతి సంవత్సరము స్నానమునకు దిగి విద్యార్థులు కొట్టుకొనిపోవుచున్నారు. వారిలో చాలమంది మెట్ట ఊళ్ళవారు. కొందఱు బావిలోను చెరువులోను బాగుగా ఈదినవారే. 'అల లాగుకొనిపోయినది' అని వార్తలో వ్రాయుదురు. నిజమునకు లాగునది అల కాదు.

అలలు ఒడ్డుకు తెచ్చిన నీరంతయు మరల లోనికి పోవలెను గదా. అది ఒడ్డు పొడవున ప్రక్కకు ప్రవహించి, అడుగున ఇసుకమేట తెగి పల్లముగా ఉన్నచోట ఒక సన్నని పాయగా గుమికూడి, సముద్రములోనికి వేగముగా పోవును. దానినే రిప్ ప్రవాహమందురు. ఒక్కొక్కప్పుడు నిమిషమునకు నూరు మీటర్లకు పైగా పోవును. ఎంతటి ఈతగాడును దానికి ఎదురీదజాలడు. దాని మోసము దాని రూపములో ఉన్నది. అటు ఇటు అలలు తెల్లగా విరుగుచుండగా, ఆ పాయ యున్నచోట నీరు లోతై, ముదురు రంగుతో, నిదానముగా, అలలు లేనట్లు కనబడును. భయస్థుడైన పిల్లవాడు, బుద్ధిమంతుడైన పిల్లవాడు, 'ఇక్కడ అలలు తక్కువ' యని సరిగా అక్కడనే దిగును. ఇంతకన్న అన్యాయమైన శిక్ష మఱొకటి యుండదు. జాగ్రత్తయే అతనిని చంపినది.

ఆ పాయ మనుష్యుని క్రిందికి ముంచదు, దూరముగా తీసికొనిపోవును. మునుగునది, ఒడ్డు వంక చూచుచు దానికి ఎదురీది అలసిపోవుటవలన. ఒడ్డుకు సమాంతరముగా ప్రక్కకు ఈదినచో పాయ వెడల్పు కొద్ది గనుక బయటపడవచ్చును. ఈదలేనివాడు తేలుచు చేయెత్తి కేకవేయవలెను. అలలు విరుగు చోటు దాటిన తరువాత ఆ ప్రవాహమునకు బలము తగ్గును. రక్షింప దలచినవాడు తాడో, డబ్బాయో, తేలు వస్తువేదో విసరవలెను గాని తాను ఉత్త చేతులతో దుముకరాదు. ఒకని వెంట ముగ్గురు పోవుట ఈ ప్రమాదములలో తఱచుగా జరుగుచున్నది. ముగ్గురును మంచి స్నేహితులు.

ఇది చెప్పుటకు పది నిమిషములు చాలును. బస్సు ప్రయాణము పదునాలుగు గంటలు.

మన పాఠశాలలలో సముద్రము ఎక్కడ కలదు? దేశపటమున నీలిరంగుగా కలదు, ఎల్లగా కలదు. తూర్పున బంగాళాఖాతము అని పిల్లవాడు అప్పగించును. ఆటుపోట్లకు చంద్రుడు కారణమని ఒక మార్కు ప్రశ్నకు వ్రాయును. వేయి కిలోమీటర్లకు చేరువైన తీరము గల రాష్ట్రమున, ఆ నీలిరంగు ఏ మాసమున ఏ దిక్కునకు ప్రవహించునో చదివిన విద్యార్థులు ఎందఱు? మన తీరము వెంబడి నీరు సంవత్సరమున కొన్ని మాసములు ఈశాన్యమునకు, కొన్ని మాసములు నైరుతికి పోవును. ఋతుపవనములతో బాటు తిరిగిపోవు ఇట్టి ప్రవాహములు ప్రపంచమున మఱెక్కడనో గాని లేవు. 1952లో అమెరికా నుండి వచ్చిన లఫాండ్ అను శాస్త్రజ్ఞుడు వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తున సముద్రవిజ్ఞానమునకు పునాది వేసినవారిలో ఒకడు. ఈ తీరమునకు ఎదురుగా నీటి అడుగున గోడలవంటి వాలును చీల్చుచు పోవు లోయలను గుర్తించి, వానికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టిరి. మహదేవన్ ఆ విశ్వవిద్యాలయపు భూగర్భశాస్త్రాచార్యుడు. గండికోట లోయను చూడ పోవు పిల్లలకు, తమ సముద్రపు అడుగున అంతకన్న లోతైన లోయలు తమ నదుల పేర్లతోనే ఉన్నవని చెప్పువారు లేరు.

ఇక తీరపు పల్లెలోని బడి సంగతి మఱింత విచిత్రము. అక్కడి పిల్లవాడు తెల్లవారుసరికి తండ్రితోబాటు వల లాగి, ఎనిమిదిన్నరకు పలక పట్టుకొని వచ్చును. ఏ గాలికి ఏ చేప వచ్చునో, మబ్బు ఎటు పట్టినచో తెప్ప దింపరాదో, ఏ రెండు కొండలు ఒకే వరుసలో కనబడినచో అడుగున రాతిమేట యున్నదో అతనికి తెలియును. ఆ కొండల లెక్క త్రిభుజగణితము గాక మఱేమి? తరగతిలో అతడు మొద్దు, వెనుకబల్ల వాడు. చేపవాసన అని తోటివారు ముక్కు మూసికొందురు. ఆ బడిలో సముద్రమును గూర్చి అందఱికన్న ఎక్కువ తెలిసినవాడు అతడే యనియు, పాఠ్యగ్రంథము వ్రాసినవారు అతని తండ్రిని అడిగి వ్రాసినచో గ్రంథము బాగుపడెడిదనియు ఎవరికిని తోచదు. అతనికి మాత్రము సముద్రముపై మోజు లేదు. అది తన పొలము. ఉప్పాడవంటి చోట్ల అది ఇంటిని కొంచెము కొంచెముగా తినివేయు ఇరుగుపొరుగు. గంగమ్మ యని మ్రొక్కును. మ్రొక్కుటలో ప్రేమ ఎంత, భయము ఎంత అని వేఱుచేసి చూపలేడు.

ఇప్పుడు సముద్రమును ఇరువదినాలుగు గంటలును వినుచున్న చోటు తీరమున లేదు. 1999లో ఏర్పడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవాకేంద్రము హైదరాబాదున, దక్కను పీఠభూమి రాళ్ళ నడుమ ఉన్నది. 2007 అక్టోబరు నుండి సునామీ హెచ్చరికలు అక్కడి నుండి బయలుదేరుచున్నవి. సముద్రపు అడుగున ఉంచిన పీడనమాపకములు నీటిమట్టమున కలుగు అతిస్వల్పమైన మార్పును గూడ ఉపగ్రహము ద్వారా ఆ గదికి చేర్చును. చేపలు గుమికూడు తావులను నీటి రంగును బట్టియు వెచ్చదనమును బట్టియు గుర్తించి మత్స్యకారులకు తెలుపుటయు ఆ సంస్థ పనియే. చెరువుకు సముద్రమని పేరు పెట్టుకొన్న నేలలో అసలు సముద్రమునకు కాపలా వెలసినది. భూమి కదలిన కొద్ది నిమిషములకు హెచ్చరిక సిద్ధమగును; దివిసీమనాడు తీరపు గుడిసె వద్ద తెగిన దారము నేడు తెగకుండుటకు హైదరాబాదులోని యంత్రము ఒక్కటియే చాలదు. హెచ్చరిక వినినవాడు దాని అర్థము ముందే ఎఱిగి యుండవలెను. అది బడిపని.

యాత్రలు మానిపించవలెనని కొందఱు పెద్దలు అనుచున్నారు; ప్రమాదము జరిగిన వారమున ఆ ఉత్తరువులు గూడ వచ్చుచుండును. పాలమూరు పిల్లవాడు సముద్రమును చూడకయే పెద్దవాడగుట ప్రమాదనివారణ కాదు. అతడు పెద్దవాడై తానే పోవును; స్నేహితులతో పోవును, తలలు లెక్కపెట్టువాడు వెంట ఉండడు.

బస్సు సూర్యలంకలో ఆగినపుడు తలుపు తీయుటకు ముందు ఉపాధ్యాయుడు దిగి, ఇసుకపై కూర్చుండి వల బాగుచేసికొనుచున్న ముసలివాని వద్దకు పోవచ్చును. 'తాతా, ఈ దినము నీరు లోనికి ఎక్కడ పోవుచున్నది?' అని అడుగవచ్చును. ముసలివాడు వల నుండి తల యెత్తి ఒక్క నిమిషము చూచును. తెల్లని అలల నడుమ అల లేని ఆ ముదురురంగు పాయ వంక చేయి చాచి, 'అదిగో, అటు రానీయకండి బాబూ' అనును. అప్పుడు తలుపు తీయవచ్చును.